జల్లెడ పైన, జల్లెడ కింద: ఒక ఆర్గనాయిడ్ ప్రాజెక్టు డైరీ

జూన్ 16

ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఇవాళ చేతికొచ్చింది. ఇక ఆసుపత్రికి వెళ్లి నమూనాలు తెచ్చుకోవచ్చు. డైరీ కూడా ఇవాళే మొదలుపెడుతున్నా.

చేయబోయేది ఇది. గర్భసంచి లోపలి పొరలో సన్నటి గొట్టాల్లాంటి గ్రంథులుంటాయి. చిన్న ముక్క తీసుకుని, ఆ గ్రంథుల్ని విడదీసి, జెల్లీలాంటి పదార్థంలో ఉంచి సరైన పోషకాలిస్తే, అవి ప్లేటు అడుగున చదునుగా పరుచుకోవు. ఒంట్లో ఉన్నట్టే లోపల ఖాళీ ఉన్న గుండ్రటి బుడగలుగా పెరుగుతాయి. వీటినే ఆర్గనాయిడ్లు అంటున్నాం. 2009లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లేవర్స్ ల్యాబ్‌లో తొషిరో సాటో చిట్టెలుక పేగు నుంచి తీసిన ఒక్కో మూలకణంతో బుల్లి పేగులు పెంచి చూపించాడు. 2017లో కేంబ్రిడ్జ్‌లో మార్గెరీటా టుర్కో బృందం, అదే ఏడాది బెల్జియంలోని లూవెన్ బృందం గర్భసంచి పొరతో ఆ పని చేశారు. పెంచే పద్ధతి వాళ్లదే. మా ప్రశ్న వేరు.

పీసీఓడీ (అండాశయాల సమస్య) ఉన్న చాలామందిలో అండం నెలనెలా విడుదల కాదు. అండం విడుదలైతేనే ప్రొజెస్టరాన్ వస్తుంది. అది రాకపోతే ఈస్ట్రోజెన్ ఒక్కటే పొరని పెంచుతూ పోతుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే అది కూడా ఈస్ట్రోజెన్ తయారు చేస్తుంది. అలా ఏళ్లు గడిస్తే పొర మందమై, గ్రంథులు కిక్కిరిసి, కొందరిలో కణాల రూపమే మారుతుంది. అదే ఎటిపికల్ హైపర్‌ప్లేసియా. దాన్ని వదిలేస్తే కేన్సర్ అయ్యే అవకాశం బాగా ఎక్కువ. మామూలుగా గర్భసంచి తీసేయడమే వైద్యం. కానీ పిల్లలు కావాలనుకునే చిన్న వయసు ఆవిడైతే ప్రొజెస్టరాన్ తరహా మాత్రలో, అదే తరహా మందు వదిలే లెవోనార్జెస్ట్రెల్ లూపో పెట్టి, మూడు నుంచి ఆరు నెలలకోసారి ముక్క పరీక్ష (బయాప్సీ) చేస్తూ చూస్తారు. చాలామందికి తగ్గుతుంది. కొందరికి తగ్గదు. ఎవరికి తగ్గదో నెలలు గడిచాక గానీ బయటపడదు. ఆ నెలలన్నీ ఆవిడ టెన్షన్‌తో బతకాలి.

ఆవిడ కణాల్నే ముందు అడిగి చూడొచ్చా? ఇదీ మా ప్రశ్న.

మా పిన్నికి 33 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. కేన్సర్ లేదు, బ్లీడింగ్ ఎక్కువ, అంతే. "ఉంచుకుని ఏం చేస్తావు, తీసేస్తే గోల వదులుద్ది" అన్నారట. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంటుంది. తీసేయడానికీ ఊరికే ఎదురు చూడటానికీ మధ్య ఇంకో దారి ఉండాలని నాకు ఎప్పటి నుంచో పట్టుదల.

జూన్ 27

సమ్మతి పత్రం తీసుకుని వార్డుకి వెళ్లా. తెలుగులోనే రాశాం. కానీ అక్కడున్న ఒకావిడకి చదివి వినిపిస్తుంటే మొదటి పేరా దాటేసరికి ఆవిడ కళ్లు కిటికీ వైపు తిరిగాయి. "జీవకణజాల నమూనా", "పరిశోధనార్థం"... ఈ మాటలు మేమే రాశాం, మాకే అలవాటు లేవు. కాగితం పక్కన పెట్టి మామూలుగా చెప్పాను. డాక్టరు గారు పరీక్ష కోసం ఎలాగూ ముక్క తీస్తారమ్మా, ల్యాబుకి పంపగా మిగిలింది మాకిస్తారు, మీకు ఇంకోసారి నొప్పి ఉండదు అని.

అంతా విని ఆవిడ అడిగింది: "ఆ బుడగల్లో పిల్లలు గానీ పుడతారేటి పాపా?"

"అండం ఉండదు, వీర్యం ఉండదు. పిల్లలు పుట్టే వీల్లేదమ్మా. బిడ్డ పడుకునే పరుపు ఉంటుంది చూడండి, అలాంటి పొర. దాని మీద మందు వేసి ఎలా మారుతుందో చూస్తాం."

"మారకపోతే నాకు చెప్తారా మరి?"

ఇక్కడ ఆగిపోయాను. చెప్పలేం. ఇది పరిశోధన. దీన్నిబట్టి వైద్యం మార్చడానికి మాకు హక్కు లేదు, ఇది వైద్యానికి పనికొచ్చే పరీక్ష అని ఇంకా రుజువు కాలేదు. ఆ మాటే చెప్పా. ఆవిడ కాసేపు ఆలోచించి, "నా వెనకాల వచ్చేవోళ్లకి పనికొస్తే చాల్లే" అని వేలిముద్ర వేసింది. వద్దన్నా ఎవరూ ఏమీ అనరని రెండోసారి చెప్పాను. "ఇన్నాను గదా" అంది.

సాయంత్రం కూర్చుని పత్రం మొత్తం తిరగరాశాం. పిల్లలు పుట్టరు అన్న వాక్యం, మీకు ఫలితం చెప్పలేం అన్న వాక్యం ఇప్పుడు మొదటి పేజీలోనే ఉన్నాయి. మార్చిన పత్రం కమిటీకి మళ్లీ పంపాలి.

జూలై 24

కొత్త పత్రానికి అనుమతి వచ్చాక మొదటి నమూనా. ఐసు డబ్బాలో పెట్టుకుని ఆటోలో బయల్దేరితే విశాఖలో మద్దిలపాలెం దగ్గర ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయాం. డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత మీద చెయ్యి తీయలేదు.

ల్యాబ్‌లో ముక్కని బ్లేడుతో సన్నగా తరిగి, కొలాజినేజ్, డిస్పేజ్ ఎంజైముల్లో 37 డిగ్రీల దగ్గర ఉంచాం. ఎంజైములు కణాల మధ్య జిగురుని కరిగిస్తాయి. ఎక్కువసేపు ఉంచితే గ్రంథులు కూడా చెదిరిపోతాయి, అందుకే ఐదేసి నిమిషాలకి ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తూ ఉండాలి. తర్వాత 100 మైక్రాన్ల జల్లెడలో పోశాం. గ్రంథులు పెద్దవి, జల్లెడ పైన నిలుస్తాయి. విడివిడి కణాలు కిందకి జారిపోతాయి. జల్లెడని బోర్లించి మీడియంతో (కణాలకిచ్చే పోషకాల ద్రవం) కడిగితే గ్రంథులు చేతికొస్తాయి. కింద జారినదాన్ని బ్లీచ్ సీసాలో పారబోశాం.

జూలై 27

ఫంగస్. మీడియంలో తెల్లటి పోగులు తేలుతున్నాయి. మొత్తం పారేశాం. ఇంక్యుబేటర్ అడుగున ఉండే నీళ్ల ట్రే మీద అనుమానం. ఈ ఊరి ఉక్కకి బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. ఇకమీద వారం వారం ట్రే కడగడం నా పని.

ఆగస్టు 2

జెల్లీ వచ్చింది, పాడైపోయి. మాట్రిజెల్ అనే ఈ పదార్థం చిట్టెలుకల్లోని ఒక రకం కణితి నుంచి తీస్తారు. గడ్డకట్టించి డ్రై ఐస్‌లో పంపాలి. 4 డిగ్రీల దగ్గర నీళ్లలా ఉంటుంది, 10 దాటితే గట్టిపడటం మొదలు, మళ్లీ చల్లబరిచినా సరిగ్గా వెనక్కి రాదు. కొరియర్ వాళ్లు పెట్టెని ఎండలో ఎక్కడ ఎంతసేపు వదిలేశారో తెలీదు. తెరిస్తే డ్రై ఐస్ ఆవిరైపోయి ఉంది, సీసాలో జున్నుముక్కలా వణుకుతోంది. ఫొటోలు తీసి కంపెనీకి పంపాం. మారుస్తామన్నారు. మా గైడ్ మేడం ఏమీ అనలేదు గానీ, ఆ సీసా ఖరీదు నా నెల ఫెలోషిప్‌లో ఎంత భాగమో నాకు తెలుసు.

ఆగస్టు 29

కొత్త సీసాతో, మూడో నమూనాతో మళ్లీ మొదలు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఐసు మీదే జెల్లీ కరిగించాం. పిపెట్ టిప్పుల పెట్టె కూడా ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టాం. గది ఏసీని 18కి దించి, మా జూనియర్ ప్లేటు పట్టుకుంటే నేను చుక్కలు వేశాను. ప్లేటులోని ఒక్కో గుంటలో, అంటే వెల్‌లో, 25 మైక్రోలీటర్ల బొట్టు. బొట్టు పరుచుకోకుండా గోపురంలా నిలబడాలి. వేసిన వెంటనే ప్లేటుని బోర్లించి ఇంక్యుబేటర్‌లో పెట్టాం. లేకపోతే గ్రంథులన్నీ అడుగుకి దిగిపోయి ప్లాస్టిక్‌కి అతుక్కుంటాయి. పదిహేను నిమిషాలయ్యాక మీడియం పోశాం. మొదటి రెండు రోజులకి వై-27632 అనే మందు కూడా కలిపాం. విడిపోయిన కణాలు బెదిరి చచ్చిపోకుండా అది కాస్తుంది.

సెప్టెంబర్ 2

వచ్చాయి.

పొద్దున్న ఎనిమిదింటికి మైక్రోస్కోప్ కింద పెట్టగానే కనిపించాయి. నాలుగు రోజుల క్రితం తెగిన పురికొసల్లా ఉన్నవి ఇప్పుడు గుండ్రంగా ముడుచుకున్నాయి. అంచు మెరుస్తోంది, లోపల ఖాళీ. ఫోకస్ తిప్పుతుంటే ఒకటి మాయమై దాని వెనకది తేలుతుంది, బొట్టు లోతంతా నిండి ఉన్నాయి. ఒకదాని గోడలో చిన్న నొక్కు. బహుశా అక్కడ మడత పడబోతోంది. అరగంట కదల్లేదు నేను.

ఫొటో పిన్నికి పంపా. వెంటనే ఫోన్ చేసింది. "ఇదేంటే, సగ్గుబియ్యం ఉడికినట్టుంది." అచ్చం అలాగే ఉంది, నాకే తట్టలేదు. కాసేపాగి, "నాకు తీసేసిన దాంట్లో కూడా ఇవి ఉండేవా?" అంది.

"ఉండేవి పిన్నీ."

"చూడ్డానికి బానే ఉన్నాయి" అని పెట్టేసింది.

సెప్టెంబర్ 30

పాసేజ్ నాలుగు. వారం, పదిరోజులకోసారి విడగొట్టి మూడేసి భాగాలు చేస్తున్నాం, పెరుగుతూనే ఉన్నాయి. ఇక హార్మోన్ల పరీక్ష. ముందు రెండు రోజులు ఈస్ట్రడయాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) 10 నానోమోలార్, ఆ తర్వాత ప్రొజెస్టరాన్ 1 మైక్రోమోలార్. ఈస్ట్రోజెన్ ముందు ఇవ్వకపోతే కుదరదు, ప్రొజెస్టరాన్‌ని అందుకునే రిసెప్టర్లని కణంలో తయారు చేయించేది అదే. స్పందన ఉందో లేదో పీఏఈపీ అనే జీన్‌తో కొలుస్తాం. బిడ్డని నిలుపుకోవడానికి పొర సిద్ధమయ్యే రోజుల్లో గ్రంథులు వదిలే ప్రొటీన్ దాన్నుంచే వస్తుంది.

అక్టోబర్ 9

లెక్క కుదరట్లేదు. ప్రొజెస్టరాన్ ఇచ్చిన వెల్స్‌లో పీఏఈపీ బాగా పెరిగింది, అది సరే. ఈస్ట్రోజెన్ మాత్రమే ఇచ్చిన వెల్స్‌లో కూడా పెరిగి ఉంది. అక్కడ పెరగకూడదు. ప్లేట్లు తారుమారయ్యాయా అని మా జూనియర్ భయపడిపోయింది. "అక్కా, నేను రెండుసార్లు చూసే వేశాను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మళ్లీ చేశాం. మళ్లీ అదే.

ముందు ఫినాల్ రెడ్‌ని అనుమానించాం. మీడియానికి ఎర్రటి రంగునిచ్చే ఆ పదార్థంతో పాటు వచ్చే మలినాలు ఈస్ట్రోజెన్‌లా కాస్త పనిచేస్తాయని పాత సంగతే. కానీ మేం వాడేది రంగు లేని మీడియమే.

అక్టోబర్ 11

దొరికింది. రాత్రి మీడియంలో పడే ఒక్కో సీసా వెనకున్న పదార్థాల చిట్టా వరసగా చదివాం. ఎన్2 సప్లిమెంట్: ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెర్రిన్, సెలీనియం, పుట్రెసిన్, ప్రొజెస్టరాన్. మీడియంలో కలిపాక సుమారు 20 నానోమోలార్. ఇది నాడీకణాల్ని పెంచడానికి ఎప్పుడో తయారైన మిశ్రమం, అక్కడ అది అవసరం. తర్వాత బీ27 చిట్టా తీస్తే అందులోనూ ఉంది. అంటే ప్రొజెస్టరాన్ లేదనుకున్న వెల్స్‌కి మేమే రెండు రోజులకోసారి ప్రొజెస్టరాన్ పోస్తున్నాం. ఈస్ట్రోజెన్‌తో రిసెప్టర్లు పెరిగిన కణానికి ఆ కాస్త చాలు.

ఈ పని చేసే ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి మీ సీసాల చిట్టాలు ఇప్పుడే చదవండి. మాకు రెండు వారాలు, ఒక సీసా జెల్లీ పోయాయి.

ఆ రెండూ తీసేస్తే ఆర్గనాయిడ్లు నీరసిస్తాయి. మేడం ఇంకో దారి చెప్పారు. సీసాల్లోని ఆ ప్రొజెస్టరాన్‌ని అలాగే ఉండనిచ్చి, కొన్ని వెల్స్‌కి మిఫెప్రిస్టోన్ కలపమన్నారు. అది ప్రొజెస్టరాన్ రిసెప్టర్‌కి అడ్డం కూర్చుంటుంది. అప్పుడు అసలైన సున్నా ఎక్కడుందో తెలుస్తుంది. ఇన్సులిన్ వగైరాలు విడివిడిగా తెప్పించి ప్రొజెస్టరాన్ లేని మిశ్రమం మేమే కలుపుకోవడం తర్వాతి మెట్టు.

అక్టోబర్ 20

మిఫెప్రిస్టోన్ వెల్స్‌లో పీఏఈపీ అడుగంటింది. లెక్క కుదిరింది. మా జూనియర్‌కి స్వీట్ బాక్స్ ఇచ్చాను, ఆ అమ్మాయి ప్లేట్లు ఒక్కసారీ తారుమారు కాలేదు.

అక్టోబర్ 27

మొంథా తుఫాను. రేపు తీరం దాటుతుందంటున్నారు. హుద్‌హుద్ నాటి సంగతి ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. 2014 అక్టోబర్ 12 తర్వాత చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ ఉంది గానీ డీజిల్ ఎంతకని వస్తుంది? పొద్దున్న నుంచి రాత్రి తొమ్మిది వరకు ఉన్న ఆర్గనాయిడ్లన్నీ ఫ్రీజ్ చేశాం. 31 వయల్స్ (బుల్లి సీసాలు). లిక్విడ్ నైట్రోజన్ డబ్బా మాత్రం కరెంటుతో పనిలేకుండా వారాలపాటు చల్లగా ఉంటుంది. వాచ్‌మన్ బాబాయి డబ్బాని కిటికీకి దూరంగా జరిపించి, "ఇంక మీరెళ్లండమ్మా, నేను సూసుకుంటాను" అన్నాడు. ఆయన ఇల్లు జాలరిపేటలో, సముద్రానికి నాలుగడుగుల్లో.

అక్టోబర్ 31

ఇంక్యుబేటర్ ఒక రాత్రి ఆగింది, అంతే. బాబాయి ఇంట్లో నీళ్లొచ్చాయి గానీ అందరూ బాగున్నారు. రెండు వయల్స్ కరిగించి చూశాం, ఆర్గనాయిడ్లు లేచాయి.

నవంబర్ 14

ఎటిపికల్ హైపర్‌ప్లేసియా ఉన్న మొదటి నమూనా, కోడ్ నంబర్ 7. ఇవి చూడ్డానికే వేరు. సగ్గుబియ్యంలా తేటగా లేవు. లోపల ఖాళీ తక్కువ, గోడ మందం, మడతల మీద మడతలు. పీటెన్ ప్రొటీన్‌కి రంగు వేస్తే చాలా కణాలు పట్టుకోలేదు. కణం అతిగా పెరగకుండా ఆపే ఆ జీన్ ఈ జబ్బులో తరచు పాడవుతుంది.

నవంబర్ 26

ప్రొజెస్టరాన్ ఇచ్చినా నంబర్ 7 పెరుగుదల తగ్గలేదు. కీ67 రంగు పట్టిన కణాలు, అంటే విభజన చెందుతున్న కణాలు, మందు ఉన్నా లేకపోయినా ఒకేలా ఉన్నాయి. మందుకి లొంగని రకం దొరికిందని ఒక గంట సంబరపడ్డా.

తర్వాత మామూలు నమూనా స్లైడ్లు పక్కన పెట్టి చూశా. పీఏఈపీ చక్కగా పెరిగింది కదా, విభజన కూడా తగ్గి ఉండాలి. పెద్దగా తగ్గలేదు. ఆరోగ్యంగా ఉన్న ఆవిడ గర్భసంచిలో ప్రొజెస్టరాన్ రాగానే గ్రంథుల్లో విభజన ఆగిపోతుంది. మా ప్లేటులో ఆగలేదు. అంటే నంబర్ 7 గురించి నేను ఏమీ చెప్పలేను. తూకంలోనే తేడా ఉంటే సరుకుని తప్పుపట్టి ఏం లాభం?

నవంబర్ 29

2011లో ఇంద్రాణీ బాగ్చీ గారి బృందం చిట్టెలుకల్లో చూపించిన విషయం మళ్లీ చదివాను. ప్రొజెస్టరాన్ గ్రంథుల్ని నేరుగా ఆపదు. గ్రంథుల చుట్టూ ఉండే స్ట్రోమా కణాలకి చెబుతుంది. వాటిలో హ్యాండ్2 అనే జీన్ మేల్కొంటుంది. స్ట్రోమా అప్పటిదాకా గ్రంథులకి పంపుతున్న, పెరగమని చెప్పే ఎఫ్‌జీఎఫ్ సిగ్నళ్లని అది నిలిపేస్తుంది. గ్రంథి పెరగడం ఆపుతుంది. ఈ హ్యాండ్2 ఎండోమెట్రియల్ కేన్సర్‌లోనూ, దానికి ముందు దశలోనూ మిథైలేషన్ (డీఎన్ఏ మీద పడే రసాయన ముద్ర) వల్ల మూగబోతుందని 2013లో వచ్చిన ఇంకో పరిశోధన చెబుతుంది.

చదివాక మీడియం సీసాకి లేబుల్ రాస్తున్నా. ఈజీఎఫ్, నాగిన్, ఆర్-స్పాండిన్, హెచ్‌జీఎఫ్, ఎఫ్‌జీఎఫ్10... పెన్ను అక్కడే ఆగింది. స్ట్రోమా పంపే సిగ్నల్‌కి చుట్టమైనదాన్ని నేను సీసాతో పోస్తున్నాను. ఆపమని చెప్పాల్సిన స్ట్రోమా ప్లేటులో లేనే లేదు. ప్రొజెస్టరాన్ వచ్చి ఎవరికి చెబుతుంది?

మరి ఆ స్ట్రోమా కణాలు ఎక్కడున్నాయి? జల్లెడ కింద. ఏడు నమూనాల్లోంచీ జారిపోయిన ఆ కణాల్ని ఏడుసార్లూ నా చేత్తోనే బ్లీచ్‌లో పారబోశాను. అవన్నీ ఎవరో ఒకావిడ ఒప్పుకుని ఇచ్చినవి. రాత్రంతా అదే గుర్తొచ్చింది.

డిసెంబర్ 4

ఎనిమిదో నమూనా. మార్గశిర గురువారం, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి వైపు జనం. ఆటో చుట్టూ తిరిగి వచ్చింది. ఇవాళ జల్లెడ కింద పెట్టిన గొట్టానికి నేనే లేబుల్ రాశాను: 8, స్ట్రోమా. సెంట్రిఫ్యూజ్ చేస్తే అడుగున గోరంత ముద్ద. ఫ్లాస్కులో వేసి పెట్టాం. వీటికి జెల్లీ అక్కర్లేదు, గంటలోనే ప్లాస్టిక్‌కి అతుక్కోవడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి రెండు కొసలా సాగి, చేపపిల్లల్లా కనిపించాయి.

డిసెంబర్ 15

ఫ్లాస్కు నిండింది. చేపపిల్లలన్నీ ఒకే వాలుకి, ఏట్లో వరసకట్టినట్టున్నాయి. కొన్నింటికి విడిగా ప్రొజెస్టరాన్, సైక్లిక్ ఏఎంపీ (కణం లోపల కబురు మోసే అణువు) ఇస్తున్నాం. సరైన కణాలే అయితే కొద్దిరోజుల్లో ఆ కొసలు ముడుచుకుని లావుగా, గుండ్రంగా మారాలి, ప్రొలాక్టిన్ వదలాలి. గర్భం నిలిచే ముందు ఒంట్లో జరిగేదే అది.

డిసెంబర్ 22

మారాయి. ఏడో రోజుకి సగానికి పైగా గుండ్రబడ్డాయి.

డిసెంబర్ 26

ఇవాళ రెండూ కలిపాం. నంబర్ 8 ఆర్గనాయిడ్లు, నంబర్ 8 స్ట్రోమా, ఒకే బొట్టు జెల్లీలో. ప్లేటులో నాలుగు వరసలు వేశాం: ఆర్గనాయిడ్లు ఒంటరిగా, స్ట్రోమాతో కలిపి, మళ్లీ అవే రెండూ ఎఫ్‌జీఎఫ్10 లేకుండా. మేడం కూడా హుడ్ (క్రిములు చేరకుండా పనిచేసే గాజు అర) పక్కన నిలబడి చూశారు. రక్తనాళాలు లేవు, రోగనిరోధక కణాలు లేవు, ఇది ఇంకా గర్భసంచి పొరలో ఒక భాగమేనని గుర్తుంచుకోమన్నారు. నంబర్ 7 ఆర్గనాయిడ్లు నైట్రోజన్‌లో ఉన్నాయి. ఆవిడ స్ట్రోమా మాత్రం లేదు. ఫాలోఅప్ ముక్క పరీక్షకి ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు ఒప్పుకుంటే ఈసారి రెండూ తీసుకుంటాం.

డిసెంబర్ 29

మూడో రోజు. బుడగల చుట్టూ స్ట్రోమా కణాలు సన్నటి చేతులు చాచాయి. ఒకచోట రెండు కణాలు ఒక బుడగని చెరోవైపు నుంచి పట్టుకుని ఉన్నాయి. ఎఫ్‌జీఎఫ్10 లేని వరసలో ఒంటరి ఆర్గనాయిడ్లు చిన్నగా ఉన్నాయి, స్ట్రోమా ఉన్నవి వాటికన్నా పెద్దవి. ఒక్క నమూనా, ఒక్క ప్లేటు. ఇంకా ఏమీ కొలవలేదు.

రేపు పొద్దున్న ఈస్ట్రడయాల్ మొదలు, జనవరి 1న ప్రొజెస్టరాన్. తొమ్మిదో నమూనా రేపే ఉందని వార్డు నుంచి సిస్టర్ గారు ఫోన్ చేశారు. ఐసు డబ్బా కడిగి ఆరబెట్టాను. గొట్టాలు రెండు పెట్టాను.